చివరి వారం మొదటి పేజీలో

మా కోదండపాణి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన సమాధానం చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. జిగురులో మైలుతుత్తం ఎందుకు కలపాలని చేరిన కొత్తలో నేను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, రెండు గిన్నెల్లో మైదా జిగురు కాచమన్నారు. ఒకదాంట్లో తుత్తం వేయించారు, రెండోదాంట్లో వద్దన్నారు. రెండు గిన్నెలూ నా బల్ల కిందే పెట్టించారు. నాలుగో రోజుకల్లా ఆ రెండో గిన్నె కంపుకి పక్కన కూర్చుని అన్నం తినడం నా వల్ల కాలేదు. నా ప్రశ్నకి అదే సమాధానం. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు కాబట్టి ఆ పద్ధతిని తప్పుపట్టలేను గానీ, ఏదో తెలుసుకుందామని అడిగినవాడికి అది కాస్త ఎక్కువ శిక్షే.

బాపట్లలో రైలుకట్ట పక్క సందులో ఆయనకి పుస్తకాల బైండింగు కొట్టు ఉండేది. ఇరవై ఐదేళ్ళ కిందటి మాట. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఒక అలవాటు ఉండేది. వారపత్రికలో ఏదైనా సీరియల్ నచ్చితే, ప్రతివారమూ ఆ నాలుగు కాగితాలనీ జాగ్రత్తగా ఊడదీసి దాచుకునేవారు. సీరియల్ పూర్తయ్యాక ఆ కట్టని మా దగ్గరికి తెస్తే, మేము దబ్బనంతో బెజ్జాలు పొడిచి, కుట్టి, అట్టలు వేసి, వీపుకి కాలికో గుడ్డ అంటించి పుస్తకం చేసి ఇచ్చేవాళ్ళం. మాస్టారి దగ్గర ఆ పని నేర్చుకుంటున్నది ఇద్దరం, నేనూ మస్తానూ. ఇద్దరిలోనూ పనిమంతుడు మస్తానే, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. పాతికేళ్ళవాడు, వాడు వేసిన కుట్టు గీత గీసినట్టు ఉండేది. కానీ వాడికి ఒక జబ్బు ఉంది. చేతిలోకి వచ్చిన ప్రతి కాగితమూ చదివేవాడు. "కుట్టేవాడు చదవకూడదురా, చదివితే చెయ్యి ఆగిపోద్ది" అని మాస్టారు రోజుకి నాలుగుసార్లు అనేవారు. వాడు తల ఊపుతూనే తరవాతి పేజీ తిప్పేవాడు. పోనీ చదివి ఊరుకునే రకమా అంటే అదీ కాదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ ఏడు వేసవిలో ఒక ముచ్చట జరిగింది. త్రివిక్రమరావుగారని కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన ఉండేవారు. హత్యలూ పరిశోధనలూ ఉన్న సీరియళ్ళంటే ఆయనకి ప్రాణం. అయితే వారం వారం చదివితే ఆ ఉత్కంఠ తట్టుకోలేనని, సీరియల్ నడిచినంత కాలమూ ఒక్క ముక్క చదవకుండా కాగితాలు దాచి, అంతా అయ్యాక పుస్తకం కుట్టించుకుని, సెలవుల మొదటి రోజున మొదలుపెట్టేవారు. ఇంట్లో ఆడవాళ్ళు ఆ సీరియల్ గురించి మాట్లాడుకుంటుంటే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవారట. అలా ఏడాదిపాటు నోరు కట్టుకున్న మనిషి పుస్తకం తీసుకోవడానికి వచ్చారు. మస్తాను రెండు చేతులతో అందించాడు. మొహం వెలిగిపోతోంది. "భలే ఉంది సార్! ఆ డాక్టరే చంపాడని చివరిదాకా నేను పసిగట్టలేకపోయాననుకోండి!" అన్నాడు.

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. కేకలు వేసినా బాగుండేది. పుస్తకం అట్ట మీద చెయ్యి వేసుకుని, "ఏడాది, అబ్బాయ్. ఏడాది దాచుకున్నాను" అన్నారు. తరవాత పుస్తకం చంకలో పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయారు. నాకైతే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన సందు మలుపు తిరిగాక మాస్టారు, "ఒరే మస్తానూ, ఇయ్యాళ నువ్వు చేసింది దొంగతనంరా" అన్నారు.

మస్తాను చిన్నబుచ్చుకున్నాడు. వాడికి నిజంగానే అర్థం కాలేదు. మంచి తినుబండారం దొరికితే ఇంకొకరి నోట్లో పెట్టినట్టే వాడు ఆ మాట చెప్పాడు, అంతకు మించి వాడి మనసులో ఏమీ లేదు. "నేనేం దొంగిలించాను మాస్టారూ? కాగితాలన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు. చివర ఏమవుద్దో ముందే తెలిసినంత మాత్రాన పుస్తకం పాడైపోద్దా? మీరే చెప్పండి, పాడైపోద్దా?" అన్నాడు.

ఇద్దరమూ ఆయన వైపు చూశాం. ఆయన కత్తెరతో దారం కత్తిరించి, "ముందు ఒక పని చెయ్యి. నెల రోజులపాటు నీ చేతికొచ్చిన కాగితం మీద ఒక్క అక్షరం చదవబాక. ఆ తర్వాత అడుగు" అన్నారు. మస్తాను రోషగాడు. "మీ మీద ఒట్టు. ఒక్క అక్షరం చదివితే ఈ దబ్బనంతో పొడవండి" అని అక్కడికక్కడే ఒట్టేశాడు. ఈ ఒట్టు వారం కూడా నిలవదని నేను లోపల నవ్వుకున్నాను. వాడు నిలబెట్టాడు. అసలు చిక్కంతా దాంతోనే వచ్చింది.

అయిదో రోజున శేషారత్నంగారు కొట్టుకి వచ్చారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి ఆ నెలలోనే రిటైరయ్యారు. మొహం అంతగా తెలియనివాళ్ళకి కూడా ఊళ్ళో ఆవిడ గొంతు తెలుసు. ఒకప్పుడు ఎవరికి ఏ నంబరు కలపాలన్నా ఆవిడే కలిపేది. చేతిసంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. కాగితాలు బాగా పండిపోయి ఉన్నాయి. చిన్నపిల్లల జడకి కట్టే ఎర్ర రిబ్బనుతో అడ్డంగా, నిలువుగా కట్టి ఉంది.

"ముప్పై ఏళ్ళ నాటిదండీ. పుస్తకం కుట్టాలి" అన్నారు.

"ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావమ్మా?" అని మాస్టారు అడిగారు.

"తీరిక లేదని చెప్పుకుంటూ వచ్చానండి. ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది."

తరవాత ఆవిడ చెప్పింది వింటూ మేము ముగ్గురమూ చేతిలో పని పక్కన పెట్టేశాం. ఆ సీరియల్ ఒక చిన్న స్టేషనులో పనిచేసే స్టేషను మాస్టరు కూతురు కథ. ఆ పిల్ల పేరు కుముద. వచ్చే పోయే రైళ్ళకి నాన్న దగ్గరున్న పచ్చజెండా అడిగి ఊపుతూ ఉంటుంది. శేషారత్నంగారికి వాసంతి అని ఆరేళ్ళ కూతురు ఉండేదట. పత్రిక రాగానే తల్లి పైకి చదివేది, కూతురు వినేది. "ఈ వారం కుముద జెండా ఊపిందా?" అనేదే మొదటి ప్రశ్న. అలా ముప్పై వారాలు విన్నది. ముప్పై ఒకటో వారం పత్రిక వచ్చేసరికి వాసంతి లేదు.

"అయిపోయినాక పుస్తకం కుట్టిద్దామే అని దానికి మాటిచ్చాను. అందుకని ఊడదీసి దాస్తూనే వచ్చా. చదవలేదు. ఒక వారం ఊడదీస్తుంటే బొమ్మ కనపడింది, కుముద మంచాన పడి ఉంది. అంతే, అక్కడి నుంచి బొమ్మ కూడా చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఊడదీశాను." ఆవిడ మస్తాను వైపు తిరిగారు. "కుట్టేటప్పుడు నువ్వు అన్నీ చదువుతావంట గదా నాయనా, ఊళ్ళో అనుకుంటారు. ఆ పిల్ల బతుకుద్దో లేదో చూసి నాకు ఒక్క మాట చెప్పు. బతుకుద్దంటేనే పుస్తకం తెరుస్తా. లేదంటే మాటిచ్చినందుకు కుట్టించి పెట్టెలో పెట్టుకుంటా. ఇంకోసారి అది నా వల్ల కాదు."

మస్తాను మొహం చూడాలి. పుట్టి బుద్ధెరిగాక వాడిని పిలిచి ముగింపు చెప్పమని అడిగిన మనిషి ఆవిడొక్కతే. అదే సమయానికి వాడి నోటికి తాళం పడి ఉంది. మాస్టారి వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది, "ఈ ఒక్కదానికీ పరవాలేదురా" అంటే చాలు. అనలేదు. తల వంచుకుని అట్ట కోసుకుంటూ ఉండిపోయారు. ఆ రోజు నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ కొంచెం ఉంది. మస్తాను, "నేను చదవకూడదమ్మా, ఒట్టేశాను" అన్నాడు. ఆవిడ, "సరేలే నాయనా. వరస వెతుక్కునే పని లేదులే నీకు, అన్నీ వరసగానే ఉన్నాయి. యాభై రెండు వారాల్లో ఒక్కటీ పోలేదు" అని చెప్పి వెళ్ళిపోయారు.

మస్తాను ఆ పుస్తకాన్ని కుట్టినంత శ్రద్ధగా ఇంకే పుస్తకాన్నీ కుట్టలేదు. పాత కాగితం విరుగుతుందని ప్రతి వారానికీ వీపు దగ్గర పలచటి కాగితం పట్టీ అంటించాడు. ఎక్కడ ఒక్క అక్షరం కంట పడుతుందోనని పైన తెల్లకాగితం పరిచి, చేతి తడుముడుతోనే పని చేశాడు. పట్టీ అంటించాల్సి వచ్చినప్పుడు కాగితం అంచు మాత్రం కనపడేలా మిగతాది కప్పేవాడు. కళ్ళు అటూ ఇటూ పోతాయని గోడ మీద క్యాలెండరు కేసి చూస్తూ కుట్టు లాగేవాడు. ఆ ఎర్ర రిబ్బను పారెయ్యడానికి మనసొప్పక, పేజీ గుర్తుకి పనికొస్తుందని వీపులో కలిపి కుట్టేశాడు. సోమవారంనాడు ఆవిడ వచ్చి పుస్తకం తీసుకున్నారు. రిబ్బను చూసి రెండు వేళ్ళతో నిమిరారు. పుస్తకం మాత్రం తెరవలేదు, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మాస్టారు గోడకి చేరగిలబడి కూర్చుని, ఉన్నట్టుండి, "ఒరే మస్తానూ, ఇంతకీ ఆ పిల్ల బతికిందంట్రా?" అన్నారు. అన్ని నియమాలు పెట్టిన మనిషికి ఆరు రోజులుగా అదే పురుగు తొలుస్తోందని అప్పుడు తెలిసింది.

"నాకెట్టా తెలుసుద్ది మాస్టారూ? మీ మీద ఒట్టు, ఒక్క అక్షరం చూడలేదు."

"చూడకుండా వరస ఎట్టా సరిచూశావురా?"

"ఆవిడే చెప్పింది గదా, అన్నీ వరసగానే ఉన్నాయని."

"వరసగానే ఉంటాయి. కట్టలో అన్నిటికన్నా పైన ఏ వారం ఉంది?"

మస్తానుకి అప్పుడు తట్టింది. ఇంట్లో పాత పేపర్లు ఎలా పేరుస్తాం? ఇవాళ్టిది నిన్నటి దాని పైన పెడతాం, రేపటిది ఇవాళ్టి దాని పైన. ఆవిడా ముప్పై ఏళ్ళ కిందట అలాగే పేర్చింది. మొదటి వారం అట్టడుగున, చివరి వారం నెత్తిన. వీడు ఒక్క అక్షరం చూడనన్న పంతంతో కట్టని ఉన్నదున్నట్టు కుట్టేశాడు. "అట్ట అంటించేటప్పుడు పైనుంచి నాలుగో కాగితం అడుగున ఒక్క ముక్క కంట పడింది మాస్టారూ. వచ్చే వారం నుంచి కొత్త సీరియల్ మొదలని. నేను వెంటనే కళ్ళు మూసుకున్నా" అన్నాడు మస్తాను. ఆ పిల్ల బతుకుతుందంటేనే పుస్తకం తెరుస్తానన్న మనిషికి, మొదటి పేజీ తియ్యగానే చివరి వారం ఎదురవుతుంది. బతికితే బతికింది. పోతే, ఆ మాట చెప్పింది వీడే అవుతాడు.

మాస్టారు లేచి కండువా తీసుకున్నారు గానీ మళ్ళీ కూర్చున్నారు. "నేను రాను. నువ్వు కుట్టావు, నువ్వే వెళ్ళాలి" అన్నారు. మస్తాను ఒక్కడూ వెళ్ళలేక నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని మస్తానుతో అంత దూరం నడవడం నాకదే మొదటిసారి.

శేషారత్నంగారు తలుపు తీశారు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉన్నారు. గదిలో కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీలో పుస్తకం, అందులోంచి వేలాడుతూ రిబ్బను. అంటే తెరిచారన్నమాట. మస్తాను గుమ్మం కూడా దాటకుండా, "అమ్మా, తప్పయిపోయింది. తిరగేసి కుట్టాను. చదవనని ఒట్టేసి ఉండి కాగితం చూడలేదు. ఇప్పుడే ఊడదీసి సరిగ్గా కుట్టిస్తాను, ఒక్క పూట ఇవ్వండి" అని గబగబా అప్పజెప్పేశాడు. ఆవిడ నవ్వారో లేదో చెప్పలేను. "ముందు లోపలికి రండయ్యా. ఎండన పడొచ్చారు" అని మా ఇద్దరికీ గ్లాసుల్లో మజ్జిగ పోసిచ్చారు. మస్తాను గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు.

"కుముద పోయింది" అన్నారు ఆవిడ, ఎదురుగా కూర్చుని. "మొదటి వారంలోనే, అదే, చివరి వారంలోనే పోయింది. సోమవారంనాడు చదివాను. చదివి పుస్తకం మూసేసి, నీ మీద కోపం తెచ్చుకున్నాను. అడిగితే చెప్పనన్నాడు, అడక్కుండా మొదటి పేజీలోనే చెప్పేశాడు ఈ పిల్లాడు అనుకున్నా. మంగళవారమంతా దాని జోలికే పోలేదు. బుధవారం పొద్దున ఏం తోచిందో, తర్వాతి వారం తీశాను. తీస్తే పిల్ల ఉంది." ఆవిడ గొంతు తగ్గించారు. "ఒళ్ళు తెలియకుండా పడి ఉంది, అయినా ఉంది. గురువారం చదివితే రెండు చెంచాల గంజి తాగింది. నిన్న దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. ఇయ్యాళ పొద్దున గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి రైలు చూసింది. రేపు చదివే వారంలో దానికి జ్వరం మొదలవుద్ది, అంటే ఎల్లుండికి జ్వరమే ఉండదు."

పక్కింటి పిల్ల కోలుకుంటున్న సంగతి చెప్పినట్టు చెప్పారు. మస్తాను కళ్ళప్పగించి వింటున్నాడు.

"సరైన వరసలో కుడతానమ్మా" అన్నాడు మళ్ళీ, నెమ్మదిగా.

"వద్దు నాయనా." ఆవిడ కుర్చీలోంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ముందు నుంచి చదివినట్టయితే ఏమయ్యేదో తెలుసా? పిల్లకి ఏమవుద్దో, ఏమవుద్దో అని పేజీలు తిప్పుకుంటూ పరిగెత్తేదాన్ని. అది జెండా ఊపుతున్నా నాకు కనపడేది కాదు. ఇప్పుడు భయపడటానికి ఏముంది? అయిపోయింది గదా. ఇప్పుడు పిల్లని చూస్తున్నాను." ఆ తరవాతి మాటలు మాతో చెప్పినవో, తనలో తాను అనుకున్నవో తెలియదు. "మా వాసంతి పోయేముందు నాకెవరూ చెప్పలేదయ్యా. రెండ్రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు ఆసుపత్రిలో. అంత గట్టిగా చెప్పబట్టి నేను డ్యూటీకి వెళ్ళాను. ఆ పూటంతా ఎవరెవరికో నంబర్లు కలుపుతూ కూర్చున్నా. నాకు ఫోనొచ్చేసరికి అయిపోయింది. వాళ్ళని తిట్టను, తల్లి భయపడుద్దని దాచారు. కానీ ముందే ఒక్క మాట చెప్పినట్టయితే కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చునేదాన్ని. అంతకంటే నాకేం కావాలి?"

మస్తాను ఏడ్చేశాడు. పాతికేళ్ళవాడు, మీసాలున్నవాడు, మజ్జిగ గ్లాసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఏడవలేదని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆవిడే వాడి వీపు మీద చెయ్యి వేసి, "తాగు, పులిసిపోద్ది" అన్నారు. మేము లేచి గుమ్మం దాకా వచ్చాక, ఆవిడ పుస్తకం మందం వేలితో కొలుస్తూ అన్నారు: "రోజుకి ఒక్క వారమే చదువుతున్నాను. ఇంకో పదిహేడు రోజులకి ముప్పై ఒకటో వారం అయిపోద్ది. ఆ మర్నాటి నుంచి మాత్రం పైకి చదవాలి నాయనా. అక్కడి నుంచి వాసంతి వింటది."

కొట్టుకి తిరిగి వచ్చి జరిగిందంతా మాస్టారికి చెప్పాం. ఆయన అంతా విని మాకు పని పంచారు. మస్తాను మాత్రం మర్నాటి నుంచి గోడ మీది క్యాలెండరులో ప్రతి సాయంత్రమూ ఒక తేదీ కొట్టేస్తూ వచ్చాడు. ఒట్టు తాలూకు లెక్క అని నేను ముందు అనుకున్నాను. ఒట్టు నెల పూర్తయినా కొట్టేస్తూనే ఉంటే అప్పుడు అర్థమైంది. పద్దెనిమిది తేదీలు కొట్టేశాక, మర్నాడు మధ్యాహ్నం, జిగురుకి మైదా తెస్తానని అబద్ధం చెప్పి బయల్దేరాడు. మైదా డబ్బా నిండుగా ఉందని మాస్టారికీ తెలుసు. "వాడితో నువ్వు కూడా పో" అని నన్ను పంపించారు.

శేషారత్నంగారి ఇంటి కిటికీ సందులోకే తెరుచుకుంటుంది. మేము గోడ పక్కన నీడలో నిలబడ్డాం. ఊరంతా ఎరిగిన ఆ గొంతు లోపలినుంచి స్పష్టంగా వినిపిస్తోంది. కుముద వాళ్ళ నాన్న ఆ పిల్లకి జెండా ఎలా పట్టుకోవాలో, రైలు ఎంత దూరాన ఉండగా ఎత్తాలో నేర్పుతున్నాడు. ఆవిడ రెండు వాక్యాలు చదివి ఆగేది. ఎవరో ఏదో అడిగితే చెప్పినట్టు, "ఆఁ, పచ్చదే" అనేది, మళ్ళీ చదివేది. ఒకచోట ఆగి గలగలా నవ్వింది. మస్తాను పిలవబోతాడేమోనని నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు పిలవలేదు. ఆ రోజు వాళ్ళు చదవాల్సిన నాలుగు కాగితాలూ అయ్యేదాకా నిలబడి, చప్పుడు చెయ్యకుండా వచ్చేశాం.

మాస్టారు మమ్మల్ని చూసి మైదా ఏదని అడగలేదు. "ఎక్కడిదాకా వచ్చిందిరా?" అన్నారు.

"ఇరవై తొమ్మిదో వారం మాస్టారూ. పైకే చదువుతోంది." మస్తాను ఆయన ఎదురుగా కింద కూర్చున్నాడు. "నెల దాటిపోయింది. మీరు నేనడిగినదానికి ఇంకా చెప్పలేదు. చివర తెలిస్తే పుస్తకం పాడైపోద్దా, పాడవ్వదా? త్రివిక్రమరావుగారికి పాడయింది. నేనే పాడుచేశాను, ఒప్పుకుంటున్నా. మరి ఈవిడ సంగతేంది?"

మాస్టారు సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి దారం ఎక్కించుకుంటున్నారు. దారం ఎక్కాక అడిగారు.

"ఇంకా ఇరవై ఎనిమిది వారాలున్నాయి గదూ?"

"ఉన్నాయి మాస్టారూ."

"అయితే ఆ పిల్లలిద్దరూ ఇంకా చాన్నాళ్ళు ఉంటార్రా."